మాస్టారి బావురు పిల్లి

ఆ సోమవారం ఉదయం పటమటలోని డిటెక్టివ్ జమీలా ఆఫీసుకి వచ్చిన పెద్దాయన కుర్చీలో కూర్చున్నారు గాని, ఒళ్లో పెట్టుకున్న కెమెరా సంచీని మాత్రం దించలేదు. అసిస్టెంటు పాల్ మంచినీళ్లిస్తే ఒక చేత్తోనే అందుకుని, తాగి, గ్లాసు తిరిగి ఇచ్చేశారు. రెండో చెయ్యి సంచీ మీదే ఉంది. అరవై దాటిన మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా ఎండిన బురద. రాత్రంతా బట్టలు కూడా మార్చుకోలేదని చూడగానే తెలుస్తోంది.

ఆయన పక్కన కూర్చున్న యువతే ముందు నోరు విప్పింది.

"ఈయన మా మాస్టారండీ, ఆమోసుగారు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. నా పేరు అఫ్సా, బ్యాంకులో పనిచేస్తాను. నాకు ఫొటోలు తీయడం నేర్పింది ఈయనే. నిన్న సాయంత్రం నుంచి అన్నం ముట్టలేదట. వాళ్లావిడ అమలమ్మగారు భయపడి నాకు ఫోన్ చేశారు."

"ఏం పోయింది మాస్టారూ?" అని అడిగింది జమీలా.

ఆయన తలెత్తారు. "పోయిందని మీకెలా తెలుసండీ?"

"సంచీ మీద చెయ్యి తీయడం లేదు కదా. అందులోంచి ఒకటి పోయాకే మనిషి అలా పట్టుకుంటాడు."

పాల్ కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకుని నవ్వుకున్నాడు. ఇన్సూరెన్సు కంపెనీలో జమీలా దగ్గర గుమాస్తాగా చేరి, ఆవిడ ఆ ఉద్యోగం మానేసి ఈ ఆఫీసు తెరిస్తే వెంట వచ్చేసినవాడతను. యాభై దాటిన ఆవిడ, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఇలాంటి మాట ఒకటి అన్నప్పుడల్లా అతనికి ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

మాస్టారు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. రిటైరయ్యాక ఆయనకి ఫొటోల పిచ్చి పట్టింది. ఆదివారం వస్తే చాలు, చర్చిలో ఆరాధన కూడా మానేసి డెల్టాలో పాయల వెంట, మడ అడవుల వెంట తిరిగేవారు. కొంగలు తీశారు, నీటికుక్కలు తీశారు. కాని ఏళ్ల తరబడి ఆయన వెతికింది ఒక్క బావురు పిల్లి కోసం. ఊరపిల్లికి రెండింతలుంటుంది. ఒంటి నిండా నల్లమచ్చలు. నీళ్లలోకి దూకి చేపలు పట్టే అడవి పిల్లి. మనిషి కంట పడటం అరుదు. ఇన్నాళ్లూ ఆయనకి దొరికినవి బురదలో దాని అడుగుల జాడలే.

"నిన్న తెల్లారగట్ల నాగాయలంక అవతల మా స్నేహితుడు జక్కయ్యగారి చేపల చెరువుల పక్కన పాయలో పడవ మీదున్నామండీ. పొద్దు పొడుస్తోంది. అవతలి ఒడ్డు నుంచి తల్లి పిల్లి నీళ్లలోకి దిగింది. నోట్లో పిల్ల. దాని మెడ పట్టుకుని, తల మాత్రం పైకెత్తి, తిన్నగా నా వైపే ఈదుకుంటూ వచ్చింది. మీట నొక్కాను. నొక్కుతున్నప్పుడు నా కళ్లలోకే చూస్తోంది." మాస్టారు సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. "ఇవతలి ఒడ్డెక్కి జమ్ము గడ్డిలోకి వెళ్లిపోయింది. ఒక్కటే ఫొటో వచ్చింది. ఇంకొకటి తీయాలని కూడా నాకు తోచలేదు."

ఆ ఫొటోని కెమెరా వెనకున్న చిన్న తెర మీద ముగ్గురు చూశారు. పడవలో ఆయనతో ఉన్న అఫ్సా, హర్షవర్ధన్ అనే పళ్ల డాక్టరు, తర్వాత జక్కయ్య. జక్కయ్యగారి గెస్టుహౌసు ముందు గదిలో కెమెరా సంచీ పెట్టి, భోంచేసి, అందరూ వరండాలో కాసేపు నడుం వాల్చి, సాయంత్రానికి విజయవాడ వచ్చేశారు. భార్యని పక్కన కూర్చోబెట్టుకుని మాస్టారు కార్డుని కంప్యూటర్లో పెడితే, అందులో ఏమీ లేదు. పైగా అది ఆయన కార్డు కాదు. ఎవరో తీసేసి, దాని స్థానంలో ఖాళీది పెట్టారు.

"పోలీసు రిపోర్టు ఇస్తారా?" అన్నాడు పాల్.

"ముగ్గురూ నావాళ్లేనండీ," అన్నారు మాస్టారు. "నాకు ఫొటో కావాలి. నా స్నేహితుల్లో ఎవరూ దొంగ కాకూడదు. రెండూ జరిగే దారేదైనా ఉంటే చెప్పండి."

"మొదటిది ప్రయత్నిస్తాను. రెండోది నా చేతుల్లో లేదు," అంది జమీలా. "ఫొటోని ఏం చేద్దామనుకున్నారు?"

"పోటీకి పంపుదామని. ఊరి పేరుతో సహా పేపరుకి కూడా ఇద్దామనుకున్నా."

"నేను కొన్నాళ్లు ఆగమన్నాను," అంది అఫ్సా.

జమీలా ఆ ఖాళీ కార్డుని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుంది. ఫోనుల్లో వాడే గోరంత కార్డు, కెమెరాలో పట్టేలా ఒక ప్లాస్టిక్ తొడుగులో పెట్టి ఉంది. తొడుగు కొత్తది. లోపలి కార్డు మాత్రం పాతది. దాని పసుపుపచ్చ రేకుల అంచున సన్నగా చిలుము పట్టింది. ఆవిడ దాన్ని పాల్‌కి కూడా చూపించి, కవర్లో వేసింది.

మధ్యాహ్నం ఇద్దరూ హర్షవర్ధన్ క్లినిక్‌కి వెళ్లారు. అతనికి నలభై ఉంటాయి. గోడల నిండా పులులు, రాబందులు, అన్నీ అతను తీసినవే.

"నన్నే అనుమానిస్తున్నారు కదండీ," అన్నాడు వాళ్లు కూర్చోకముందే. "అనుమానించండి. ఆ ఫొటో చూశాక నాకూ అన్నం సయించలేదు. నేను పడవకి ఆ పక్క కూర్చున్నాను, అది ఈ పక్క నుంచి వచ్చింది. అంతే తేడా."

"కాపీ ఇమ్మని అడిగారట?"

"నా ల్యాప్‌టాప్‌లో వేసి ఉంచుతాను, భద్రంగా ఉంటుందన్నాను. ముందు మా ఆవిడ చూడాలన్నారు మాస్టారు. సరే అన్నాను." అతను డ్రాయరు లాగి తన కార్డుల పెట్టె తెరిచి చూపించాడు. అన్నీ పెద్ద కార్డులు, దేని గూట్లో అది. మధ్యలో తేమ పీల్చే గుళికల పొట్లాలు. "ఇంకో మాట చెబుతాను. నాకు దొంగబుద్ధే ఉంటే కార్డెందుకు తీస్తానండీ? నిమిషంలో కాపీ చేసుకుని అక్కడే పెట్టేసేవాణ్ణి. ఆయనకి తెలిసేది కూడా కాదు."

బయటికొచ్చాక పాల్ అన్నాడు, "బాగా ఆలోచించిపెట్టుకున్న జవాబులా ఉంది మేడమ్."

"నిజమైన జవాబు కూడా అలాగే ఉంటుంది పాల్. నీకు ఎవరి మీదుంది?"

పాల్ తటపటాయించాడు. "ఆ అమ్మాయి మీద. చెప్పడానికి మనసొప్పడం లేదు గాని, ఫొటో బయటికి రాకూడదని కోరుకున్నది ఆవిడొక్కతే."

జమీలా ఆ మాట కొట్టిపారేయలేదు. బ్యాంకు బయట అఫ్సాని కలిసినప్పుడు అదే ప్రశ్న సూటిగా అడిగింది. అఫ్సా ముఖం ఎర్రబడింది, కాని కళ్లు దించుకోలేదు.

"పోయినేడు ఒక గూడు ఫొటో నేనే నెట్‌లో పెట్టానండీ, ఊరి పేరుతో. వారం తిరక్కుండా ఎంతమంది వచ్చారో. డ్రోన్లు ఎగరేశారు. పక్షులు గుడ్లు వదిలేసి వెళ్లిపోయాయి. అందుకే ఆగమన్నాను. మాస్టారు మాట వినకపోతే మళ్లీ అడిగేదాన్ని, గొడవపడేదాన్ని. ఆయన కెమెరా మీద మాత్రం చెయ్యి వెయ్యను."

"మీ కార్డులు చూడొచ్చా?"

అఫ్సా హ్యాండ్‌బ్యాగులోంచి తీసింది. రెండు పెద్ద కార్డులు, మూత గట్టిగా బిగించిన డబ్బాలో.

మర్నాడు ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడిలో టీ తాగి, మధ్యాహ్నానికి జక్కయ్య చెరువుల దగ్గరికి చేరారు. దారిలో జమీలా మాస్టారికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగింది. ఫొటోలో పిల్లి వెనక ఏం కనిపించింది?

"పాయ వంపు తిరిగే చోట జక్కయ్యగారి మోటారు షెడ్డు గోడండీ. పొద్దుటెండ సరిగ్గా దాని మీదే పడింది. ఫామ్ పేరు, నంబరు అన్నీ చదవొచ్చు. ఆ ముక్క కత్తిరిస్తే వెలుగంతా పోతుంది. ఇక ఫొటోలో ఏముంటుంది?"

జక్కయ్య యాభై అయిదేళ్ల భారీ మనిషి, గొంతు కూడా అంతే. వస్తూనే కొబ్బరిబొండాలు కొట్టించాడు. మాస్టారి పేరెత్తగానే ముఖం వాడిపోయింది.

"పాపం, చిన్నపిల్లాడిలా సంబరపడ్డారండీ ఆయన. నాకు మాత్రం ఆ దరిద్రపు పిల్లి పేరెత్తితేనే ఒళ్లు మండుద్ది. చెరువుల్ని నమ్ముకున్నోళ్లం. బోన్లు పెట్టి పట్టేద్దామని చెరువుల రైతుల మీటింగులో లేచి చెప్పింది నేనే. చుట్టుపక్కల అందరూ పెట్టారు కూడా. ఆ రెండు పిల్లలూ పెద్దయితే ఇంక మా పనైపోయినట్టే."

"మీరు కూడా పెట్టారా బోను?"

"పెట్టకుండా ఎలాగండీ," అని ఆయన బొండంలో గొట్టం సరిచేసి ఆవిడకి అందించాడు.

జమీలా చెరువులు చూస్తానంది. గట్ల మీద ఆయన ముందు నడుస్తూ వలల గురించి, మేత గురించి చెబుతున్నాడు. పాల్ వెనకే నడిచాడు. గట్లన్నీ మందు కొట్టి నున్నగా ఉన్నాయి, గడ్డిపోచ లేదు. పాయ వైపు గట్టు మీద మాత్రం జమ్ము మనిషెత్తు పెరిగింది. కూలీలు దొరకడం లేదన్నాడు జక్కయ్య. స్తంభాల మీద సీసీ కెమెరాలున్నాయి, చేపల దొంగల కోసం. ఉప్పుగాలికి వాటి బిగింపులన్నీ తుప్పెక్కాయి. మోటారు షెడ్డు పక్కనున్న స్తంభం మీది కెమెరాకి మాత్రం వాన పడకుండా ఎవరో ఐస్‌క్రీమ్ డబ్బా కోసి గొడుగులా కట్టారు. అది చెరువు వైపు లేదు. జమ్ము వైపు తిరిగి ఉంది.

"ఇదేంటండీ, ఇటు తిరిగింది?" అన్నాడు పాల్.

"గాలికి తిరిగుంటది," అన్నాడు జక్కయ్య.

బోను షెడ్డు వెనక బోర్లించి ఉంది. దాని ఊచల మధ్య సాలెపురుగు గూడు కట్టుకుంది. జమీలా ఒక్క క్షణం అక్కడ నిలబడి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంది. ఆ పని చేసిందంటే కేసు తేలిపోయినట్టేనని పాల్‌కి తెలుసు. ఏం తేలిందో మాత్రం తిరుగు ప్రయాణమంతా బుర్ర బద్దలు కొట్టుకున్నా అతనికి అందలేదు.

ఆదివారం ఉదయం అందరూ జక్కయ్య గెస్టుహౌసు వరండాలో చేరారు. మాస్టారు, ఆయన చెయ్యి పట్టుకుని అమలమ్మ, కొంచెం దూరంగా అఫ్సా, స్తంభానికి ఆనుకుని హర్షవర్ధన్. జక్కయ్య ఎవరికి కుర్చీ చాలలేదో చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"మీరూ కూర్చోండి జక్కయ్యగారూ," అంది జమీలా. ఆయన కూర్చున్నాక మొదలుపెట్టింది.

"ఫొటో దొంగిలించేవాడికి దానితో ఏం పని? తనదని చెప్పుకోవాలి. కాని ఈ ఫొటోని అప్పటికే అందరూ చూసేశారు. డాక్టరుగారు తనదని చెప్పుకోలేరు. దాచుకోవాలంటే కాపీ చాలు, కార్డు తీయక్కర్లేదు. అంటే తీసుకున్నవాళ్లకి ఫొటో అక్కర్లేదు, అది బయటికి రాకుండా ఉంటే చాలు. ఇక్కడిదాకా ఆలోచించి మా పాల్ అఫ్సాగారి దగ్గర ఆగాడు."

పాల్ చూపు కిందికి వాలింది. అఫ్సా అతని వైపు చూసి, కోపం లేనట్టుగా చిన్నగా తలాడించింది.

"కాని ఫొటోలు తీసేవాళ్లు కార్డుల్ని కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటారు, తేమ తగలనివ్వరు. అఫ్సాగారి కార్డులూ చూశాను, డాక్టరుగారివీ చూశాను. మాస్టారి కెమెరాలో పెట్టిన కార్డు రేకులకి చిలుము పట్టింది. ఫోనులో ఉన్న కార్డుకి అలా పట్టదు. ఆరుబయట, ఉప్పుగాలిలో నెలల తరబడి ఉన్న దేంట్లోంచో వచ్చిందది. అలాంటివి ఈ గట్ల మీద స్తంభానికొకటి ఉన్నాయి."

జక్కయ్య కుర్చీ కిర్రుమంది.

"స్తంభం మీది కార్డుని ఎవరైనా తీసి ఉండొచ్చు, ఈ చెరువులకి వచ్చిపోయేవాళ్లు బోలెడుమంది," అంది జమీలా అదే మెత్తని గొంతుతో. "కాని మాస్టారి ఫొటోలో ఉన్నది ఒక పిల్ల. చూసినవాళ్లందరూ పిల్ల అనే అన్నారు. మీరొక్కరే రెండు పిల్లలన్నారు. రెండోదాన్ని ఎక్కడ చూశారు జక్కయ్యగారూ?"

చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు వినిపిస్తోంది.

"గట్లన్నిటి మీదా జమ్ము కొట్టించి, పాయ గట్టు మీద వదిలేశారు. మీటింగులో బోన్లు పెట్టమని చెప్పి, మీ బోనుని షెడ్డు వెనక పడేశారు. గాలికి తిరిగిందన్న కెమెరాకి గొడుగు కట్టారు. ఆ జమ్ములో ఏం జరుగుతోందో మీరు రోజూ చూస్తున్నారు. మాస్టారి ఫొటోలో గోడ మీద మీ పేరు చదవగానే మీ చుట్టుపక్కల రైతులకి బోను ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది. అందరూ వరండాలో నడుం వాల్చినప్పుడు మీరు గదిలోకి వెళ్లారు."

హర్షవర్ధన్ స్తంభం వదిలి నిటారుగా నిలబడ్డాడు. "ఈయనా? ఈయన దాన్ని తిట్టని పూట లేదే."

జక్కయ్య చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. మేత సంచీ ప్లాస్టిక్‌లో రెండు మడతలు చుట్టిన కార్డది. లేచి మాస్టారి దగ్గరికి వెళ్లి ఆయన అరచేతిలో పెట్టాడు. అంత పెద్ద గొంతూ చిన్నదైపోయింది.

"చెరపలేదండీ. నీళ్లలో పారేద్దామనుకుని రెండుసార్లు పాయ దాకా వెళ్లా. చేతులు రాలేదు. పిల్లలు గట్టు దాటి వెళ్లిపోయాక మీ ఇంటికొచ్చి ఇచ్చేద్దామనుకున్నా. ఏమని చెప్పాలో మాత్రం తెలవలేదు."

"నాతో ఒక్క మాట అనాల్సింది జక్కయ్యగారూ," అన్నారు మాస్టారు.

"ఏమనమంటారు? దాన్ని చంపేద్దామని నలుగురిలో లేచి చెప్పింది నేను. చేపలు తింటోంది, ఎప్పుడొస్తుందో చూసి బోను పెడదామనే ఆ కెమెరా అటు తిప్పా. మొదటి రోజు చూశా. రెండో రోజూ చూశా. అది చేపలకంటే ఎలకల్నే ఎక్కువ పడుతోంది. తర్వాత పిల్లల్ని కన్నది. ఇంక టీవీ చూడటం మానేశానండీ." ఆయన తల దించుకుని ఫోను తీశాడు. "ఇంట్లోవాళ్లక్కూడా చెప్పలా. నవ్వుతారని."

ఆ ఫోను చుట్టూ అందరూ మూగారు. జమ్ము మొదట్లో తల్లి పిల్లి బురద నీళ్లలో ముందుకాలు ముంచి కదలకుండా కూర్చుంది. పక్కన రెండు పిల్లలు. ఒకటి తల్లిని చూసి తనూ కాలు ముంచింది. రెండోది తల్లి తోకని పట్టుకుంది. తల్లి విదిలించుకుంది. అది మళ్లీ పట్టుకుంది. ఇంతలో తల్లి నీళ్లలోకి ఒక్క దూకు దూకి చేపపిల్లతో పైకొచ్చి, దాన్ని చంపకుండా పిల్లల ముందు వదిలింది. పిల్లలు రెండూ దాని మీద పడబోయి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. అమలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. హర్షవర్ధన్, ఏళ్ల తరబడి పులుల వెంట తిరిగినవాడు, "మళ్లీ వెయ్యండి," అన్నాడు.

మాస్టారు మాత్రం తెర మీంచి చూపు తిప్పి జక్కయ్య వైపు చూశారు. ఇన్నేళ్లూ తను ఒక్క క్షణం కోసం కాచుకుంటే, ఈ మనిషి ఇంట్లో కూర్చుని రోజులకి రోజులే చూశాడు. ఆయన ముఖంలో ఆ బాధ ఒకసారి వచ్చి పోవడం పాల్ గమనించాడు.

"ఇవన్నీ ఎవరికీ చూపించకుండా ఎలా ఉన్నారండీ?" అన్నారు చివరికి.

"మీరొచ్చిన ప్రతిసారీ చెబుదామనుకునేవాణ్ణి," అన్నాడు జక్కయ్య.

మాస్టారు కార్డుని చొక్కా జేబులో వేసుకున్నారు. "పోటీ గడువు ఈ వారంతో అయిపోతుంది. అయిపోనీండి. పిల్లలు వెళ్లిపోయేదాకా ఈ ఫొటో మా ఇంట్లోనే ఉంటుంది. కాని ఒక పని మీరు చెయ్యాలి. మీరు మీటింగులో చెప్పారు కాబట్టే బోన్లు పెట్టారు. మీరే చెప్పి తీయించాలి. మీ జమ్ములో ఉందని చెప్పక్కర్లేదు. మీరు చూసింది చెప్పండి చాలు."

జక్కయ్య ముఖం పాలిపోయింది. నిజం బయటపడ్డప్పుడు కూడా ఆయన అంత భయపడలేదనిపించింది పాల్‌కి.

మీటింగు ఆ తర్వాతి గురువారం జరిగింది. జమీలా అక్కర్లేదన్నా పాల్ సెలవు పెట్టుకుని మరీ వెళ్లాడు. జక్కయ్య లేచి నిలబడి, తను పొరపాటుగా చెప్పానన్నాడు. చోటు పేరు చెప్పకుండా, ఎలకలు పట్టిన వీడియోలు చూపించాడు. ఒకరిద్దరు నవ్వారు. రత్తయ్య అనే పెద్ద రైతు, ఊరికే టైము తినేశావని లేచి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు ఫోను చేతులు మార్చుకుని చూశారు, వాదించారు, మళ్లీ చూశారు. చివరికి చాలామంది బోన్లు తీసేస్తామన్నారు. రత్తయ్య బోను మాత్రం అలాగే ఉంది. ఆయన సంగతి తను చూసుకుంటానని, రోజూ వెళ్లి కూర్చుంటానని జక్కయ్య అన్నాడు. అన్నట్టుగానే వెళ్లి కూర్చుంటున్నాడని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం మాస్టారు, జక్కయ్య పాయ ఒడ్డున పడవలో కూర్చుంటే పాల్ కూడా వెనక కూర్చున్నాడు. మాస్టారు తన కెమెరా జక్కయ్య మెడలో వేశారు. అంత పెద్ద చేతుల్లో అది బొమ్మలా ఉంది. ఎక్కడ నొక్కాలో చూపించి, ఊపిరి బిగపట్టమన్నారు. జమ్ము కదిలింది. జక్కయ్య నొక్కేశాడు. తెర మీద చూస్తే అంతా చెదిరిపోయిన ఆకుపచ్చదనం, ఒక మూల మాత్రం బూడిదరంగు మచ్చ.

"ఏమీ రాలేదండీ," అన్నాడు జక్కయ్య, సిగ్గుపడుతూ.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని ఆ మచ్చని దగ్గరగా, ఓపిగ్గా చూశారు.

"వచ్చింది. ఇదిగో, చెవి," అన్నారు. "మొదటి ఫొటోకి ఇంతకంటే ఏం కావాలండీ?"